కావచ్చు

బచత్ గట్ గ్రూపుల అందరు మొఖాలు మార్చిన్రట.
నా ఫోను ఒక్కొక్కదాని మీద ఆగి చదువుతది:
"చిత్రం. ఒక మనిషి కావచ్చు."
వేలు జరిపితె కింద ఇంకొకటి:
"చిత్రం. ఒక మనిషి కావచ్చు."
పద్నాలుగు మంది ఆడోళ్లం,
పద్నాలుగు కావచ్చులం.

కారం పొట్లాలు ఫోన్ల అమ్మాలంటే
మొఖం మంచిగుండాలె అన్నడట తాలూకా సారు.
సిరొంచ బస్టాండు కాడ, జెరాక్సు దుకాణంల
వైశాలి పది రూపాయలకొక మొఖం చేస్తది.
ఫొటో అక్కర్లేదట. మాటలు చెప్తే మిషనే గీస్తదట.

మాటలే కదా, నాకాడ మస్తున్నయి.
కర్ర పట్టుకొని పోయిన.
రాయి బిడ్డా: పోచుబాయి. యాభై ఐదేండ్లు. నలుపు.
మూడో ఏట అమ్మవారు పోసి కండ్లు తీస్కపోయింది,
చెంపల నిండ మచ్చలు ఇడిచిపెట్టి పోయింది.

పిల్ల టకటక కొట్టింది. తర్వాత మాట్లాడలే.
బయట అహేరి బస్సు ఇంజను ఆపకుంట నిలబడ్డది.
"ఎట్లున్న?"
"మంచిగున్నవు పెద్దమ్మా."
"మంచిగంటే?"
"తెల్లగున్నవు."
"ఇంకా?"
"మచ్చల్లేవు."
"ఇంకా?"
"కండ్లు తెరిచినవు. నా దిక్కే చూస్తున్నవు."

నవ్వొచ్చింది నాకు.
మొక్కులు, నాటు మందులు, నాగపూర్ పెద్ద దవాఖాన
యాభై రెండేండ్ల సంది చెయ్యలేని పని
పది రూపాయలల అయిపోయింది.

కని నా మొఖం నాకు వేళ్లతోనే తెలుసు.
ఏ మచ్చ యాడ లోతో, ఏది ముక్కు పక్కన దాక్కున్నదో
చీకట్ల ఇంట్ల నడిచినట్టు నడుస్త దాని మీద.
మిరపకాయ తొడిమెలు తీసిన దినాలల్ల చేతులు మండుతయి,
మొఖం ముట్టుకోను.
ఆ దినాలల్ల నాకు మొఖముండది.
ఇప్పుడు ఈ మిషను అన్ని దినాలూ తీసేసింది.

మళ్ల చెయ్యమన్న.
మచ్చలు రాస్తే ఏడుపు మొఖం పెట్టిందట.
గుడ్డిది అని రాస్తే నల్లద్దాలు పెట్టిందట, చేతిల గిన్నె పెట్టిందట.
"గిన్నె ఎందుకే?"
పిల్ల గొంతు సన్నగైంది. "అడుక్కునేటోళ్ల లెక్క..."
రోజుకు ఎనిమిది కిలోలు తొడిమెలు తీస్త నేను.
ఆ మాట రాయి, అన్న.

అప్పుడే తలండి మాసే వచ్చి కూసున్నది.
ఆమె నుదుటి పచ్చబొట్లను మురికనుకొని కడిగేసిందట మిషను,
మెడల మాత్రం ఆమెకు లేని బంగారం ఏసిందట.
సగం తెలుగు, సగం మాడియా కలిపి తిట్టింది మాసే:
నగలు ఈడ్నే ఉంటయి,
పొడిపిచ్చుకున్నది సచ్చినంక గూడ వెంట వస్తది,
అదే తీస్తదా ఇది?

పదకొండోసారికి జర దగ్గరికొచ్చింది నా మొఖం.
పైసలు అడగలే పిల్ల.
"ఈడ ఒక ఖాళీ డబ్బా ఉన్నది పెద్దమ్మా.
ఇందుల రాస్తే నీ ఫోను చదివి వినిపిస్తదట.
ఎవ్వలూ రాయరు. నేను గూడ రాయలే ఇన్నొద్దులు."

రాత్రి, ప్రాణహిత దిక్కు నుంచి గాలి.
వేలు పెట్టిన.
"చిత్రం. తలండి మాసే. నుదుటి మీద నిలువుగ మూడు చుక్కలు,
గదుమ కింద ఒక గీత. నవ్వుతలేదు. కోపం కాదు, సిగ్గు."
ఒత్తులు తప్పు పలికింది ఫోను, ఫరవాలేదు.
"చిత్రం. పోచుబాయి. నల్లటి మనిషి. చెంపల మీద మచ్చలు.
కండ్లు మూసి ఉన్నయి. ఒళ్లె మిరపకాయలు."
రెండుసార్లు విన్న. ఇంకోసారి విన్న.

కిందికి జరిపితే
"ఒక మనిషి కావచ్చు. ఒక మనిషి కావచ్చు."
పన్నెండు మంది ఇంక మిగిలిన్రు.
పొద్దున ఒక్కొక్కదాని ఇంటికి పోవాలె,
మొఖం ముట్టనియ్యమని అడగాలె.
ముందుగాల చేతులు
సబ్బు పెట్టి, రెండు మాట్ల కడుక్కోవాలె.